గొడ్లచావిట్లో కుటుంబ యజమాని

ముసలివాళ్ళ గురించి లావుపాటి పుస్తకాలు రాసేవాళ్ళంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. ఆ పుస్తకాల్లో 'ఆధారపడిన జనాభా' అని ఒక మాట ఉంటుంది. పేపర్లో ఆ మాట కనపడితే చాలు, కళ్ళజోడు తీసి పక్కన పడేస్తాను. ఎవరు ఎవరి మీద ఆధారపడి బతుకుతున్నారో గళ్ళు గీసి రాసేవాళ్ళకు ఏం తెలుస్తుంది? ఈ మాట అనటానికి నాకు హక్కుంది, ఎందుకంటే ఒకప్పుడు ఆ గళ్ళు నింపినదాన్ని నేనూ. అప్పుడు నాకూ ఏమీ తెలియదు. తెలియజెప్పింది గురజాల తాలూకాలో ఒక అవ్వ.

అది అరవై ఒకటో సంవత్సరం. నాకు ఇరవై రెండేళ్ళు. టీచరు ట్రైనింగు పూర్తిచేసి, మాచర్ల రోడ్డు నుంచి రెండు మైళ్ళు లోపలికున్న ఒక ఊళ్ళో ఎలిమెంటరీ బడిలో చేరి ఏడాదిన్నర అయింది. మాది అదే తాలూకాలో ఇంకో ఊరి వెలుపలుండే క్రైస్తవపల్లె. మా నాన్న ఆదివారం చర్చిలో గంట కొట్టేవాడు, మిగతా ఆరురోజులూ మిరపతోటలకు కూలికి పోయేవాడు. మా ఇంటావంటా సుద్దముక్క పట్టుకున్న మొదటిదాన్ని నేను. అందుకని కొంచెం టెక్కు ఉండేది. కొంచెం ఏమిటి, బాగానే ఉండేది.

ఆ ఫిబ్రవరిలో జనాభా లెక్కలొచ్చాయి. బడిపంతుళ్ళే ఇల్లిల్లూ తిరిగి రాయాలన్నారు. మా బడిలో టీచర్లం ఇద్దరమే. రెండో ఆయనకు ఉబ్బసం, నాలుగడుగులు వేస్తే రొప్పుతాడు. ఆడపిల్ల ఊరంతా తిరగటమేందని కొందరు గొణిగారు గానీ, ఆయన రొప్పు విన్నాక వాళ్ళే ఊరుకున్నారు. గురజాల తాలూకాఫీసులో మాకు మూడురోజులు పాఠాలు చెప్పారు. అందులో ఒక వాక్యం నాకు తెగ నచ్చేసింది. ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్ళంతా ఒక కుటుంబం. గోడలెన్ని ఉన్నా, తలుపులెన్ని ఉన్నా లెక్కలేదు, పొయ్యి ఒక్కటే లెక్క. దాన్ని కంఠతా పట్టి, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ అప్పజెబుతూ తిరిగాను.

కాగితాల సంచీ భుజాన వేసుకుని, కాలికి బలపం కట్టుకున్నట్టు తిరగటంలో నాకు మొదట ఎదురైన కష్టం వయసులు. పిల్లల వయసు తల్లులు టక్కున చెప్పేవాళ్ళు. ముసలివాళ్ళ దగ్గరికొచ్చేసరికి తలప్రాణం తోకకొచ్చేది. "నాకెంతుంటయ్యో నువ్వే ఏసుకోమ్మా" అని ఒకాయన. "పోయిన లెక్కలప్పుడు అరవై రాశారు, మళ్ళీ అదే రాయి" అని ఇంకొకాయన. ఒక ముసలమ్మ తనకు నలభై అంది. పక్కనే కూర్చున్న కొడుక్కి నలభై అయిదని అప్పుడే రాసుకున్నాను. ఆ మాటే చెబితే, "వాడివి తగ్గించుకో" అంది.

వయసు కంటే ఇంకో సంగతి నాకు ఆ పదిరోజుల్లో బాగా కళ్ళబడింది. మా పల్లెల్లో ముసలితనం ఒక రకం, ఊళ్ళో భూములున్నవాళ్ళ ఇళ్ళల్లో ఇంకో రకం. మా పల్లెలో మనిషి ముసలివాడయ్యాడని ఎవరూ చెప్పరు. మా నాయనమ్మ మిరపకాయలు కోసింది. వంగలేకపోయినప్పుడు కళ్ళంలో కూర్చుని తాలుకాయలు ఏరింది. కళ్ళు మసకబారినప్పుడు చంటిపిల్లల్ని ఒళ్ళో వేసుకుని కాపలా కాసింది. పనిలోంచి పనిలోకి దిగుతూ పోయిందే గానీ కూర్చున్నది లేదు. పంచుకోవటానికి ఆస్తి లేదు కాబట్టి ఆమెను పంచుకున్నవాళ్ళు కూడా లేరు. ఊళ్ళో అట్లా కాదు. అక్కడ పొలం పంచుకున్నప్పుడే తల్లినీ పంచుకునేవాళ్ళు. దానికి వంతు అని పేరు. ఒక నెల పెద్దకొడుకు ఇంట్లో, ఒక నెల చిన్నకొడుకు ఇంట్లో. అమావాస్యకు వంతు మారుతుంది. ఇందులో ఎవరికీ తప్పు కనపడేది కాదు. తల్లికి అన్నం పెడుతున్నాం గదా అనేవాళ్ళు, నిజంగానే బాగా పెట్టేవాళ్ళు.

నేను చెబుతున్న అవ్వది అట్లాంటి ఇల్లే. నాపరాళ్ళ గోడల పెద్ద లోగిలి. అవ్వ భర్త పోయాక ఇద్దరు కొడుకులూ వాకిలి మధ్యలో నడుమెత్తు నాపరాళ్ళు నిలబెట్టి రెండు చేసుకున్నారు. వెనకవైపు గొడ్లచావిడి ఒక్కటే ఉమ్మడిగా మిగిలింది, ఎందుకంటే గేదెలు గోడను ఒప్పుకోలేదు. ప్రతి అమావాస్యకూ అవ్వ తన చాపా, రేకుపెట్టే, ఇత్తడి చెంబూ తీసుకుని ఆ గోడకు ఇటునుంచి అటు వెళ్ళేది. పది అడుగుల దూరం. ఆ పది అడుగులూ పదకొండేళ్ళుగా నడుస్తోందట.

మొదట పెద్దకొడుకు వైపు వెళ్ళాను. ఆయనకు యాభై దాటాయి. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, పంచాయతీ ప్రెసిడెంటు కుర్చీ మీద కన్ను. నన్ను అరుగు చివర కూర్చోమన్నారు, లోపలికి పిలవలేదు. దాహమంటే కోడలు చెంబు ఎత్తిపట్టి నా దోసిట్లో నీళ్ళు పోసింది. ఆ ఊళ్ళో నాకది అలవాటే. వాళ్ళ పిల్లలకు అక్షరాలు దిద్దబెట్టిన చేతులే ఇవి, అయినా దోసిలే. కోపం రాలేదంటే అబద్ధం. కోపాన్ని సంచీలో పెట్టుకుని కలం తీశాను.

పెద్దాయన ఇంటిల్లిపాదినీ వరసగా చెప్పుకొచ్చాడు. యజమాని ఆయనే. తర్వాత భార్య, కొడుకులు, కోడలు, మనవలు. అరుగుకు అవతలి మూల ఒక ముసలమ్మ చేటలో కందులు పోసుకుని విత్తనానికి ఏరుతోంది. పుచ్చుగింజను వేలితో తాకి చూసి పక్కన వేస్తోంది, కంటితో చూడాల్సిన పనే లేదు ఆమెకు.

"మరి అమ్మగారో?" అన్నాను.

"మా యమ్మా? ఎల్లుండి అమాస. తమ్ముడింటికి పోతది. ఆడ రాసుకో" అన్నాడు పెద్దాయన.

అవ్వ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తల ఎత్తలేదు. నాకేం పట్టింది, సరేనని, తమ్ముడి వైపు అమావాస్య వెళ్ళాకే రాద్దామని కాగితాలు మడిచి పక్క వీధికి నడిచాను.

వారం తర్వాత చిన్నకొడుకు వైపు వెళ్ళాను. ఈయన మెతక మనిషి. భార్యా పిల్లల్ని చెప్పి, "అంతే" అన్నాడు. అవ్వ అక్కడే స్తంభానికి ఆనుకుని కూర్చునుంది. చేటలో ఈసారి జొన్నలు.

"అమ్మగారు మీ దగ్గరే ఉన్నారుగా" అన్నాను.

"ఉంటే? తల్లంటే పెద్దకొడుకింటి మనిషి గదమ్మా. ఈడికి నెలమార్చి నెల వత్తది, అంతే. అన్న కింద రాయి."

"ఆయన ఇక్కడ రాయమన్నారు."

"ఆయనట్టాగే అంటాడు" అని నవ్వేశాడు.

నాకు చిరాకేసింది. మనిషి ఎదురుగా కూర్చుంటే ఇద్దరికిద్దరూ లేదన్నట్టు మాట్లాడతారేమిటి? అప్పుడు అవ్వ చేట కింద పెట్టింది.

"ఏమే పంతులమ్మా, ఇంతకీ నన్ను రాత్తావా రాయవా?"

"రాస్తాను అవ్వా. ఎక్కడ రాయాలా అనే."

"ఆ ఇంట్లో ఉంటే ఈ ఇంటిదాన్నంట. ఈ ఇంట్లో ఉంటే ఆ ఇంటిదాన్నంట. ఇన్నావుగా" అంది. గొంతులో ఏడుపు లేదు. చిన్నపిల్లకు ఎక్కం చెప్పినట్టు చెప్పింది. "పైన రాసేది ఎవుర్ని?"

"ఇంటి యజమానిని. కింద రాసేవాళ్ళు ఆ యజమానికి ఏమవుతారో రాయాలి. భార్య, కొడుకు, తల్లి, అట్లా."

"నన్ను ముందు మా నాయిన కింద రాసుంటారు. తరవాత మీ తాతని పైన రాసి నన్ను కింద రాశారు. ఇప్పుడు వీళ్ళని పైన రాత్తావు. నా పేరు పైన రావాలంటే ఏం జెయ్యాలంట?"

చదువుకున్నదాన్ని కదా, ఊరుకుంటానా? కంఠతా పట్టిన వాక్యం అప్పజెప్పాను. ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్ళంతా ఒక కుటుంబం. ఎవరి పొయ్యి వాళ్ళకుంటే ఎవరి కుటుంబం వాళ్ళదే.

"ఇల్లు లేకపోయినా?"

"ఇల్లుతో పనిలేదు అవ్వా. పొయ్యి ముఖ్యం."

"ఒక్క మనిషైనా?"

"ఒక్క మనిషైనా కుటుంబమే."

ఆమె ఆ మాటను రెండుసార్లు తనలో తాను అనుకుంది. మళ్ళీ చేట తీసుకుంది. నేను గొప్పగా వివరించాననుకుని లేచి వచ్చేశాను.

మా మీద సూపర్‌వైజరుగా ఉన్నాయన పక్క ఊరి పెద్దబడి హెడ్మాస్టరు. చేతికర్రా, ఎండకు గొడుగూ, ఎవరినీ కసరని మనిషి. ఆయన్ను అడిగితే, "మార్చి ఒకటో తారీఖు పొద్దుపొడిచే వేళకు ఎక్కడుంటుందో అక్కడ రాసెయ్యమ్మా. ఈ నెల చిన్నకొడుకు దగ్గరేగా, ఆ కిందే వెయ్యి" అన్నారు. నాలుగురోజుల తర్వాత ఆ పని ముగించేద్దామని మళ్ళీ ఆ లోగిలికి వెళ్ళాను. వాకిట్లోకి అడుగుపెట్టకముందే అరుపులు వినపడ్డాయి.

గొడ్లచావిట్లో ఒక మూలంతా ఊడ్చి అలికి ఉంది. మూడు నాపరాతి ముక్కలు నిలబెట్టి, ఎర్రమట్టి మెత్తిన పొయ్యి. మట్టి ఇంకా అంచుల్లో పచ్చిగానే ఉంది. పొయ్యి మీద కొత్త మట్టికుండ, దాని పక్కన రేకుపెట్టె, చాప, ఇత్తడి చెంబు. అవ్వ పొయ్యి ముందు కూర్చుని కందికంపలు విరిచి మంటలో పెడుతోంది. రెండు గేదెలూ మెడలు తిప్పి ఆమెనే చూస్తున్నాయి. కొడుకులిద్దరూ పక్కపక్కన నిలబడి ఉన్నారు. పదకొండేళ్ళలో వాళ్ళిద్దరూ ఒక మాట మీదకు రావటం అదే మొదలని తర్వాత తెలిసింది.

"నీకేం తక్కువజేశామమ్మా?" అంటున్నాడు పెద్దాయన. "ఊరంతా ఏమనుకుంటది? తల్లికి కూడు బెట్టనోడు ఊరికేం బెడతాడని నా ఎదటోళ్ళు చాటింపెయ్యరా? నా పరువు దియ్యటానికా ఇదంతా?"

"మీరు పెట్టలేదని నేనన్నానా? చానా బాగా పెట్టారు. నేను వండుకుంటానంటన్నా."

"ఈ వయసులో ఎందుకమ్మా నీకీ తిప్పలు?" అన్నాడు చిన్నాయన.

"ఏ వయసురా? ఆ పంతులమ్మ రాయనొచ్చినప్పుడు నువ్వు చెప్పలేదుగా నా వయసు."

అప్పుడు ముగ్గురూ నన్ను చూశారు. ఈ పొయ్యికి మట్టి కలిపింది నేనేనని పెద్దాయనకు అప్పటికే తెలుసు. "ఏమ్మా, బళ్ళో పాఠాలు చాలక ఈడ గూడా చెప్తన్నావా?" అన్నాడు. నిలబడినచోటే నిలబడి, "సర్కారు పుస్తకంలో ఉన్నదే చెప్పానండీ" అన్నాను. ఆయన తలచుకుంటే నా ఉద్యోగం మాట ఎట్లా ఉన్నా, ఆ ఊళ్ళో నేనుంటున్న గది తలుపు మర్నాటికి మూసుకుపోయేది.

"సరే, ఆ పుస్తకమోళ్ళనే రమ్మను" అన్నాడు ఆయన. "ఒకపూట కుండ పొయ్యెక్కితే సంసారమైపోద్దా? ఆయనొచ్చి తేలుస్తాడు."

అవ్వ నాకేసి చూసి తల ఊపింది. రమ్మను అన్నట్టు. ఆమెకు భయం లేకపోవటం చూసి నాకింకా భయమేసింది. ఎందుకంటే హెడ్మాస్టరు వచ్చి కాదంటే, పొయ్యి పీకేస్తారు, ఆ రేకుపెట్టె మళ్ళీ గోడకు అటూ ఇటూ తిరగటం మొదలుపెడుతుంది. ఈసారి ఊరంతా నవ్వుతుండగా తిరగాలి. అంతా నా నోటి టెక్కు వల్ల.

హెడ్మాస్టరు రెండోనాడు మధ్యాహ్నం ఎండలో గొడుగేసుకుని వచ్చారు. పెద్దాయన కుర్చీ వేయించాడు, మజ్జిగ ఇచ్చాడు, సంగతంతా తన వైపు నుంచి చెప్పాడు. ఆయన మజ్జిగ తాగి, కుర్చీలో కూర్చోకుండా తిన్నగా చావిట్లోకి నడిచారు. పొయ్యి ముందు గొంతుక్కూర్చుని కర్రతో బూడిద కదిపి చూశారు.

"అవ్వా, ఇది లెక్కల కోసం పెట్టిన పొయ్యా, తినటానికి పెట్టిన పొయ్యా?"

"తింటే గదయ్యా తెలిసేది. కూచో."

నాపరాయి కడిగి, దాని మీద మోదుగాకుల విస్తరి వేసింది. జొన్నసంగటి, గోంగూరపచ్చడి, ఉల్లిపాయ, మజ్జిగ. ఆయన తిన్నారు. తీరిగ్గా, మాట్లాడకుండా తిన్నారు. పచ్చడి మళ్ళీ వేయించుకున్నారు. నేను చావిడి బయట ఎండలో రాయి మీద కూర్చుని, తెచ్చుకున్న సద్ది తిన్నాను. నాకు పెట్టలేదు. నేనూ ఎదురుచూడలేదని రాద్దామనుకున్నాను గానీ, ఎదురుచూశాను.

"రేపు కూడా వండుతావా?" అన్నారు ఆయన చెయ్యి కడుక్కుంటూ.

అవ్వ మూలనున్న ముంత మూత తీసి చూపించింది. అందులో అలసందలు నానుతున్నాయి.

హెడ్మాస్టరు లేచి తువ్వాలుతో మూతి తుడుచుకున్నారు. "ఇది కుటుంబమే" అన్నారు పెద్దాయనతో. "నేను చేసేదేం లేదు."

దారిలో నాతో ఒక మాట చెప్పారు. "వచ్చే సంవత్సరానికి నాకు యాభై అయిదమ్మా. ఇంటికి పొమ్మంటారు. మా అబ్బాయి సత్తెనపల్లిలో ఉంటాడు. నాన్నా, నీ కోసం పడక్కుర్చీ కొన్నానని ఉత్తరం రాశాడు. ఎక్కడ వేశాడో మాత్రం రాయలేదు." అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ముప్పయ్యేళ్ళు ఊరికి చదువు చెప్పిన మనిషి, తన కుర్చీ వసారాలో ఉంటుందో గదిలో ఉంటుందో అని బెంగపడుతున్నాడు. ముసలితనమంటే జుట్టు తెల్లబడటం అనుకునేదాన్ని అప్పటిదాకా. మనం ఎక్కడ కూర్చోవాలో ఇంకొకళ్ళు చెప్పటం మొదలుపెట్టిన రోజున వస్తుందని ఆ దారిలో తెలిసింది.

మర్నాడు ఎర్ర జాజు రంగు కలుపుకుని, కుంచె పట్టుకుని వెళ్ళాను. చావిడి స్తంభం మీద ఇంటి నంబరు వేశాను. అవ్వ దూరంగా నిలబడి, "పైకెయ్యి, గేదె నాకుద్ది" అంది. తర్వాత చావిడి గడప దగ్గర కూర్చుని కాగితాలు నింపాను. యజమాని గడిలో ఆమె పేరు రాశాను. మొత్తం సభ్యులు ఒకరు. వయసు అడిగితే, పెద్దకొడుకు పుట్టేనాటికి తనకు పదహారని లెక్కగట్టి మరీ చెప్పింది. అరవై తొమ్మిది వచ్చింది. ఆ ఊరి ముసలివాళ్ళందరిలో నేను గుండు సున్నా లేకుండా రాసిన వయసు అదొక్కటే.

తర్వాత గడి, ఏం పని చేస్తారు అని. అప్పటికి ఎందరో ముసలివాళ్ళకు నింపిన చెయ్యి, దానంతటదే పోయింది. పనిలేదు, ఆధారపడిన వ్యక్తి.

"అయిపోయింది అవ్వా" అన్నాను.

"సదువు."

చదివాను. పేరు దగ్గర ఆమె కొంగు సర్దుకుంది. యజమాని దగ్గర పెదాలు కదిపింది. చివరి గడి చదివాను.

"ఎవుని మీద?" అంది.

కలం మూత పెట్టబోతున్నదాన్ని ఆగాను.

"ఎవుని మీద ఆధారపడ్డానే? చెప్పు." గొంతు పెంచలేదు. గేదెల వైపు చూపించింది. "పొద్దున్నే ఆ రెండిటి పాలు పిండేది నేను. రెండిళ్ళకూ పోసేది నేను. వీళ్ళ పొలాల్లో పడే కందిత్తనం, జొన్నిత్తనం, పత్తిత్తనం అంతా నా చేటలోంచి పోయేదే. వేపాకు గలిపి, బూడిద గలిపి ఏడాదంతా దాచేది నేను. కోడళ్ళకి ఏడు పురుళ్ళు నా చేతి మీద అయినయ్యి. ఒక్కపూట కూచుని తిన్నానేమో ఆళ్ళనే అడుగు. నువ్వీ ముక్క రాసి ఢిల్లీకి పంపితే ఆళ్ళేమనుకుంటారు? పలనాట్లో ఒక ముసల్ది ఊరికే తిని కూచుంటందనేగా."

సిగ్గుతో చచ్చిపోయాను. మా నాయనమ్మ తాలుకాయలు ఏరిన చేతులు గుర్తొచ్చాయి. ఆ ఊరి పల్లెలో కూడా ముసలివాళ్ళందరికీ అదే మాట రాసిపారేసి వచ్చాను. మా నాయనమ్మ బతికుంటే ఆమెకూ అదే రాసేదాన్ని. ఒక కాగితం పాడుచేస్తే సంజాయిషీ రాసుకోవాలని తాలూకాఫీసులో గట్టిగా చెప్పారు. చెబితే చెప్పారు. ఆ కాగితాన్ని అడ్డంగా కొట్టేసి కొత్తది తీశాను. పని గడిలో 'సేద్యం' అని రాశాను. భూమి ఆమె పేరున లేదు, నాకు తెలుసు. విత్తనం ఆమెది. నా సంజాయిషీ నేను రాసుకుంటాననుకున్నాను. ఆ తర్వాత నాలుగురాత్రులు కూర్చుని ఆ పల్లె కాగితాలు కూడా మళ్ళీ రాశాను. హెడ్మాస్టరు నా సంజాయిషీలన్నీ చదివి, పైకి పంపకుండా దిండు కింద పెట్టుకున్నారట.

"యజమాని అంటే ఏమేం చెయ్యొచ్చంట?" అంది అవ్వ, నేను లేవబోతుంటే.

పుస్తకంలో ఆ సంగతి లేదు. నాకు తోచింది చెప్పాను. "ఆ ఇంట్లో ఏం వండాలో, ఎవరు తినాలో, ఎవరిని పిలవాలో యజమానిదే మాట."

"అట్టనా" అంది. "అయితే వచ్చే అమాసనాడు మధ్యాన్నం ఒకసారి ఇటు రా."

ఆ మధ్యలో ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంది. పెద్దాయన వాళ్ళమ్మకు కూడు మానేశాడట అని ఎదటిపక్షం వాళ్ళు నిజంగానే మొదలెట్టారు. ఆయన బజారులో నేను ఎదురైతే మొహం తిప్పుకునేవాడు. అద్దెగది తలుపు మూసుకుపోలేదు గానీ, ఇల్లుగలావిడ రోజూ ఒకసారి నా సామాను వైపు చూసి పోయేది. నేనూ అమావాస్య కోసం వేళ్ళు లెక్కబెట్టాను. అమావాస్యకు వంతు మారాలి. ఆ రోజు పెద్దకోడలు వచ్చి, ఎప్పటిలాగే చాపా పెట్టే ఎత్తుకుని పెద్దింటికి నడిపిస్తే అవ్వ కుటుంబం కాగితం మీదే మిగులుతుంది.

అమావాస్యనాడు మధ్యాహ్నం బడి వదలగానే పరుగున వెళ్ళాను. పెద్దకోడలు అప్పటికే చావిట్లో ఉంది. రేకుపెట్టె మీద చెయ్యి వేసి, "పద అత్తమ్మా, ఈ నెల మా వంతు గదా" అంటోంది.

"అవును, మీ వంతే" అంది అవ్వ, పొయ్యి మీద కుండ దించుతూ. "పోయి మీ ఆయన్ని పంపు. ఈ నెలంతా మధ్యాన్నం వాడు ఈడ తింటాడు. వచ్చే నెల చిన్నోడు. గింజలు ఎవరి నెలకి ఆళ్ళు పంపండి, ఎప్పుడూ నాకు పెట్టేయ్యేగా. ఇన్నేళ్ళు నేను తిరిగా. ఇప్పుడు మీరు తిరగండి."

కోడలు పెట్టె మీద నుంచి చెయ్యి తీసింది. గోడ అవతలికి వెళ్ళింది. కొంతసేపటికి పెద్దాయన వచ్చాడు. మొహం ముడుచుకునే వచ్చాడు. అయితే ఆయన తెలివైనవాడు. తల్లి చేతి అన్నం రోజూ ఊరి కళ్ళముందు తింటుంటే కూడు మానేశాడన్న మాట ఎవడు నమ్ముతాడు? చావిడి ముందు నుంచే దారి. చెప్పులు విప్పి, నాపరాయి ముందు మఠం వేసుకుని కూర్చున్నాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక మొహం కొంచెం వదులైంది. పదకొండేళ్ళుగా ఆయన తల్లికి పెట్టించాడు, తల్లి చేతి వంట తినలేదు. ఆ గోంగూర రుచికి ఆయన కళ్ళు ఎర్రబడటం నేను చూశాను. కారం వల్లనుకుంటే అనుకోవచ్చు.

నేను మామూలుగా నా రాయి మీద కూర్చుని సద్దిమూట విప్పబోతున్నాను.

"ఏమే పంతులమ్మా, ఎండలో ఏంది? లోపలికి రా" అంది అవ్వ.

పెద్దాయన ఎదురుగా, అదే నాపరాయికి ఇటువైపు, ఇంకో విస్తరి వేసింది. చెంబు ఎత్తి దోసిట్లో నీళ్ళు పోయలేదు, ఆ ఇత్తడి చెంబే తెచ్చి నా విస్తరి పక్కన పెట్టింది. ఆ ఊళ్ళో నా అద్దెగది తప్ప నేను ఒక్క గడప కూడా దాటలేదు. పెద్దాయన చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. దారినపోయే వాళ్ళు ఇద్దరు నిలబడిపోయారు.

"అమ్మా" అన్నాడు ఆయన.

"ఏందిరా?" అంది అవ్వ, నా విస్తట్లో సంగటి పెడుతూ. "నీ ఇంట్లో నువ్వు ఎవుర్ని కూచోబెట్టుకుంటావో నేనెప్పుడన్నా అడిగానా? ఈ ఇంటికి యజమానిని నేను. సర్కారు రాసుకుంది. తిను."

ఆయన దారి వైపు చూశాడు. తల్లి వైపు చూశాడు. లేస్తాడనుకున్నాను.

లేవలేదు. తిన్నాడు. నేనూ లోపలికి వెళ్ళి కూర్చుని తిన్నాను.